మూడో పిలుపు

మా మేనత్త పోయిందన్న కబురు ఆమె ఫోను నుంచే వచ్చింది. గురువారం పొద్దున్నే అన్నం డబ్బాలు సంచిలో సర్దుకుంటున్నాం. ఫోను మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. తెర మీద ఆమె నంబరే. నేను తిరిగి చేయబోతుంటే మా పాప నా చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన పద్ధతే. అత్త రెండుసార్లు మోగించి వదిలేస్తుంది, మూడోసారికి ఎత్తాలి. మూడోసారి మోగింది. ఎత్తాను. మాట్లాడింది అత్త కాదు, వాళ్ల పక్కింటాయన.

"అప్పా, మీ అత్త ఇంక లేదప్పా. పొద్దున్నే వాకిట్లో నీళ్లు సల్లతా సల్లతానే కూలబడిపొయ్యింది. మేం పోయి సూసేతలికే అయిపొయ్యింది. బిన్నా రాండి, ఆలస్యం సేయగాకండి."

పల్లెకు చేరాక, ఏడుపులు కాస్త సద్దుమణిగాక, ఆయన పక్కన కూర్చుని అడిగాను, అచ్చం అత్తలాగే రెండుసార్లు మోగించి ఎందుకు ఆపావని. ఆయన నా మొహం వింతగా చూశాడు. "నేను ఒక్కతూరే కదప్పా చేసింది" అన్నాడు. నా ఫోనులో మూడు పిలుపులూ వరసగా ఉన్నాయి. ఆయనకు చూపించలేదు. ఎందుకో చూపించబుద్ధి కాలేదు.

ఇది చదివి సిగ్నల్ సరిగా లేదేమోలే అనుకునేవాళ్లు ఉంటారు. నేనూ అలాగే అనుకోవాలని చూస్తున్నాను. నాది తిరుపతిలో చిన్న కళ్లద్దాల అంగడి. కంటికి కనిపించేదాన్ని నమ్మడం, కనిపించకపోతే అద్దం మార్చడం, ఇదే నా బతుకుదెరువు. మా అత్తది మాత్రం పూర్తిగా చెవుల వ్యవహారం. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే చూసినవాటికంటే విన్నవే ఎక్కువ గుర్తుకొస్తున్నాయి. పేర్లు ఊరికే వాడితే ఆమెకు గిట్టేది కాదు. అందుకే ఇందులో ఆమె పేరూ రాయడం లేదు, పాప పేరూ రాయడం లేదు.

ఏర్పేడు దాటి కొండల వైపు తిరిగితే వచ్చే చిన్న పల్లె ఆమెది. మా అమ్మ పోయాక, బడి చదువు ముగిసేదాకా నన్ను సాకింది ఆమే. ఆమెకు పిల్లలు లేరు. మామ అప్పటికే పోయాడు. నాలుగు మేకలు, రెండు చింతచెట్లు, ఎవరితోనైనా పోట్లాటకు దిగగల నోరు, ఇవీ ఆమె ఆస్తి. చీపురుగడ్డికైనా, కలేకాయలకైనా, వానలయ్యాక సీతాఫలాలకైనా ఆ పల్లెవాళ్లకు కొండే దిక్కు. సెలవు రోజున నన్నూ వెంటబెట్టుకుపోయేది.

కొండలో అడుగుపెట్టాక ఆమె నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు. ఆ పల్లెలో ఎవరూ పిలవరు. ఒక్కో ఇంటికి ఒక్కో కూత ఉండేది. మా ఇంటి కూత కింది గొంతులో మొదలై, మధ్యలో ఒకచోట విరిగి, చివర పైకి తేలిపోయేది. విన్నవాళ్లు "ఉండా" అని బదులివ్వాలి. ఉన్నాను అని, అంతే. వస్తున్నానని అనకూడదు, ఎక్కడున్నానో చెప్పకూడదు. పైగా మొదటి కూతకూ రెండో కూతకూ పలకనే కూడదు.

"పేరు పెడితే ఏమైతాది?" అని అడిగాను ఒకసారి.

"కొండ నేర్సుకుంటాది" అంది, సీతాఫలం కన్నులు ఒత్తి చూస్తూ. "నేర్సుకోని అదే పిలస్తాది."

"మూడోసారికే ఎందుకు పలకాల?"

"రెండుతూర్లు ఎవురైనా పిలస్తార్రా. మూడోతూరి పిలిసేది మనోళ్లే."

"మరి మనోళ్లే మొదటిసారి పిలస్తా ఉంటే?"

"మనోళ్లయితే మళ్లా పిలస్తార్లే. పలకలేదని ఇడిసిపెట్టి పోతారా?"

నాకప్పుడు అది భయంగానూ ఉండేది, ధైర్యంగానూ ఉండేది. చెట్ల మధ్య ఒంటరిగా నిలబడి మొదటి కూత విని నోరు మూసుకుని, రెండోదీ విని నోరు మూసుకుని, మూడోది వచ్చేదాకా ఆగడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. మూడోది ఎప్పుడూ వచ్చేది. ఆమె ఏ రోజూ రెండుతో ఆపలేదు.

పట్నంలో కూడా ఆ పద్ధతి మానలేదు. మా ఇంటికి వస్తే గేటు బయట నిలబడి మూడుసార్లు సన్నగా కూత పెట్టేది. కాలింగ్ బెల్లు పక్కనే ఉన్నా ముట్టేది కాదు. "అది ఎవురు నొక్కినా ఒకే మాదిరిగా అరస్తాది, దాన్నెట్ల నమ్మేది?" అనేది. ఆ మాటకు నేను నవ్వేవాణ్ని. ఇప్పుడు బెల్లు మోగితే ముందు కిటికీలోంచి తొంగి చూస్తున్నాను.

మా పాప రెండో తరగతికి వచ్చిన ఏడాది, వేసవి సెలవులన్నీ అత్త దగ్గరే గడిపింది. బళ్లు తెరిచిన కొత్తల్లో నా ఫోనుకు బడి నుంచి మెసేజ్ వచ్చింది, ఈ రోజు మీ పాప బడికి రాలేదని. పొద్దున గేటు దగ్గర దించి, అది లోపలికి పోయేదాకా చూసి వచ్చినవాణ్ని నేను. అంగడిలో ఒక పెద్దాయన కళ్లకు పెట్టిన పరీక్ష ఫ్రేము కూడా తీయకుండా బండెక్కి పరుగెత్తాను. పాప తన బెంచీలోనే కూర్చుని ఉంది. "రెండుసార్లు పిలిచానండీ, పలకలేదు" అంది టీచరు నొచ్చుకుంటూ. మంచి మనిషే. మర్నాడూ అదే మెసేజ్. ఆ మర్నాడూ అదే. నేను స్వయంగా దించి వస్తున్న బిడ్డ రోజూ లేదని ఎవరో కబురు పంపుతుంటే ఒళ్లు జలదరించేది.

తర్వాత మందలింపులు మొదలయ్యాయి. పిలిచినప్పుడు పలకాలని మేమూ గదిమాం. పక్క బెంచీల పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. దసరా నాటికి పాప బయట ఎవరితోనూ మాట్లాడడం మానేసింది. దీపావళికి ఇంట్లోనూ మానేసింది. వాళ్లమ్మ చెవిలో మాత్రం, అదీ ఊపిరితో గుసగుసగా, ఒకటి రెండు మాటలు. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయి చూపించాం. గొంతులో ఏ లోపమూ లేదు, ఓపిక పట్టండి అన్నారు. ఇక బడి మాన్పించేశాం.

మేమేదో పెద్ద సిద్ధాంతం చదివి ఇంటి చదువు మొదలుపెట్టలేదు. వేరే దారి తోచక మొదలుపెట్టాం. వారమంతా నా భార్య వంటింట్లో కొలతలు, కూడికలు, పక్క వీధిలోని అంగళ్ల బోర్డులు చదివించడం. గురువారం నా అంగడికి సెలవు కాబట్టి ఆ రోజు ముగ్గురం ఏదో ఒక ఊరు పోవడం, అక్కడ కనిపించిందే పాఠం.

ఈ సంగతి చెప్పడానికి మొదటి గురువారం అత్త దగ్గరికే వెళ్లాం. ఆమె వాకిట్లో చింతపండు గింజ తీస్తూ అంతా వింది. విని, చేతిలోని కత్తి పక్కన పెట్టి, పాపను దగ్గరకు లాక్కుంది.

"బిడ్డా, ఆ టీచరమ్మ ఎన్నితూర్లు పిలస్తాది?"

పాప రెండు వేళ్లు చూపించింది.

అత్త మొహంలో రంగు పోయింది. అప్పటిదాకా అంత మంది డాక్టర్లకూ, మాకూ తట్టనిది ఆ రెండు వేళ్లలో ఉంది. వేసవి అంతా కొండలో నేర్చుకున్న నియమాన్ని పాప బడికి మోసుకుపోయింది. మూడో పిలుపు కోసం చూసింది. ఆ బడిలో మూడో పిలుపు లేదు.

"నా నోరు పడిపోను" అంది అత్త. "కొండ మాట కొండలోనే ఇడిసి రావాలని సెప్పకపోతినే. నేను ఏసిన ముడి ఇది. నేనే ఇప్పతా. ఆ బిడ్డ గొంతు ఇనేదాకా నేను సావను, పోండి."

బడిలో మొదటిసారికే పలకొచ్చని ఆ రోజే పాపకు చెప్పింది. పాప బుద్ధిగా తల ఊపింది. కానీ అప్పటికే లోపల ఏదో తలుపు బిగుసుకుపోయింది. చెప్పినంత మాత్రాన తెరుచుకోలేదు. ఆ వారం నుంచి ప్రతి గురువారం అత్త మాతో బయల్దేరేది. ఒళ్లో వక్కాకు సంచి, చేతిలో పాప చెయ్యి.

గూడూరులో నిమ్మకాయల మార్కెట్టుకు పోయాం. సైజుల వారీగా ఏరి పోసిన గుట్టల ముందు నా భార్య గుణకారాలు చెప్తుంటే అత్త ఒక కాయ పాప చెవి దగ్గర పెట్టి వేలితో గోకి, "రసం ఉండేది ఒక మాదిరి, ఎండింది ఒక మాదిరి పలకతాది, ఇను" అనేది. నేను తర్వాత చాటుగా గోకి చూశాను. నాకన్నీ ఒకేలా వినిపించాయి. అదే దారిలో ఒకచోట పాత అభ్రకం తవ్వకాల మట్టిదిబ్బలు ఎండకు మెరుస్తుంటే ఆగాం. పాప ఒక పలక ఏరుకుని పొరలు పొరలుగా విడదీసింది. నాకు ఉత్సాహం వచ్చి అద్దాల పాఠం మొదలుపెట్టాను. అత్త ఒక పొర కంటికి అడ్డం పెట్టుకుని మా వైపు చూసి గబుక్కున దించేసింది.

"ఏమైంది అత్తా?"

"ఏం లేదు. దీంట్లోంచి సూస్తే మనిసి ఉండేదీ లేందీ తేడా తెలీలా" అంది. ఆ పొర ఇప్పటికీ నా అంగడి డ్రాయరులో ఉంది. నేను కంటికి పెట్టుకోలేదు.

ఇంకో గురువారం సూళ్లూరుపేట దగ్గర రోడ్డు పక్కన జనంతో పాటు రాకెట్ కోసం నిలబడ్డాం. దూరాన చెట్ల వెనక నుంచి నిప్పుముద్ద లేచింది. చప్పుడు లేదు. ఏ శబ్దమూ లేకుండా అంత వెలుగు పైకి పోతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. అది మబ్బులో దూరి కనపడకుండా పోయాక, అప్పుడు వచ్చింది ఉరుము. కాళ్ల కింద నేల అదిరింది. పాప తన గుండె మీద అరచెయ్యి పెట్టుకుంది. వెలుతురు ముందొస్తుంది, శబ్దం నిదానంగా వస్తుంది అని నేను పాఠం చెప్పాను.

అత్త ఇంకా మబ్బు వైపే చూస్తోంది. "అయితే మనిసి పొయ్యినాంక గొంతు వస్తాదన్న మాట" అంది మెల్లగా. పాప ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది.

ఇక ఆ కొండ రోజు. వానలు తగ్గిన కాలం. అత్త పల్లె వెనక కొండలో సీతాఫలాలకు వెళ్లాం. ఆకులు పోల్చడం ఆ రోజు పాఠం. నడి మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి మబ్బు కిందికి దిగింది. పది అడుగుల దూరంలో చెట్టు కనపడడం లేదు. తిరిగి చూస్తే పాప లేదు.

నా భార్య పేరు పెట్టి కేక వేయబోయింది. అత్త చటుక్కున ఆమె నోరు మూసింది. "వద్దమ్మా. ఈడ వద్దు" అని, తానే గొంతెత్తి మా ఇంటి కూత పెట్టింది. కింది గొంతులో మొదలై, విరిగి, పైకి తేలి మబ్బులోకి పోయింది.

ఎడమ పక్క లోయలోంచి బదులు వచ్చింది. "ఉండా..." చిన్నపిల్ల గొంతు.

పాప గొంతు విని నెలలు అవుతోంది. అటు పరుగెత్తబోయాను. అత్త నా చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగింది. "నిలబడు. ఒకటి."

మళ్లీ కూత పెట్టింది. "ఉండా..." అదే గొంతు, అదే పక్క నుంచి, ఈసారి ఇంకాస్త దగ్గరగా.

"రెండు" అంది అత్త. చొక్కా వదల్లేదు. ఆ ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో తెలియదు. మూడో కూత పెట్టింది.

ఎడమ పక్క ఏమీ లేదు. మబ్బు మాత్రం కదులుతోంది. నా భార్య ఏడుపు బిగబట్టుకుని నా చెయ్యి గిల్లేస్తోంది. అప్పుడు కుడి పక్కన, మాకు నాలుగు బారల దూరంలోని బండ వెనక నుంచి, తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టు ఒక బొంగురు గొంతు లేచింది. "ఉండా."

పాప అక్కడే, ఒళ్లో కాయలు పోసుకుని కూర్చుని ఉంది. మబ్బు దిగినప్పుడు ఎక్కడున్నది అక్కడే కూర్చోవాలని అత్త నేర్పిన ప్రకారం కూర్చుంది. మొదటి రెండు కూతలూ విని ఆగింది. వాళ్లమ్మ ముద్దులు పెట్టుకుంటుంటే ఆమె చెవిలో చెప్పింది, "ఆ పక్కనుంచి పలికింది నేను కాదమ్మా. నేను కూడా విన్నా."

నేను ప్రతిధ్వని అన్నాను. ప్రతిధ్వని అయితే కూతే తిరిగి రావాలి, దానికి బదులు రాదు కదా అని నా భార్య అంది. అత్త మాత్రం ఏరిన కాయల్లో ఒకటి బండ మీద పెట్టి, "దొరికింది సాలు, పదండి" అని ముందు నడిచింది. దారంతా వెనక్కి తిరగనివ్వలేదు. ఆ తర్వాత ఎర్రటి ఎండ రోజున నేనొక్కణ్నే వెళ్లి, అదే చోట నిలబడి ఆ లోయలోకి గొంతు చించుకుని అరిచాను. లోయ ఏమీ పలకలేదు. మనుషులు తిరిగే దారి కూడా ఆ పక్క లేదు.

ఆ లోయలో ఉన్నది ఏమిటో నాకు తెలియదు. ఆ రోజు నుంచి పాపకు గొంతు వచ్చిందన్నది మాత్రం తెలుసు. మొదట అత్తతో, తర్వాత మాతో. చదివింది చదివినట్టు గడగడా చెప్పేది. అవ్వా అని పిలిచే అత్తతో కలిసి కూర్చుంటే ఇద్దరి నోళ్లకూ అడ్డు ఉండేది కాదు. కానీ బయటి మనిషి వస్తే చాలు, మళ్లీ మూగబోయేది. బస్సులో కండక్టరు అడిగినా, మార్కెట్టులో ఎవరైనా పలకరించినా వాళ్లమ్మ కొంగు వెనక్కి వెళ్లిపోయేది.

"నలుగురి ముందర ఆ గొంతు ఒక్కతూరి ఇనాల" అనేది అత్త ప్రతి గురువారం. "అదొక్కటే మిగిలుండాది నాకు. ముడి సగమే ఇప్పినా."

నేను ఆమెకు కృతజ్ఞతలు చెప్పానా అని ఇప్పుడు వెతుక్కుంటున్నాను. చెప్పే ఉంటాను, ఏదో ఒక మాటలో. చెప్తే మాత్రం తిట్టి ఉంటుంది. ఇద్దరు పిల్లలను తనవాళ్లు కాకపోయినా తనవాళ్లనుకుని పెంచింది, నన్నూ, నా కూతుర్నీ. పలకని బిడ్డను పలకలేదని వదిలేయకుండా మళ్లీ మళ్లీ పిలిచింది. తప్పు తనదని తెలిసిన రోజున నెపం ఇంకొకరి మీదికి నెట్టలేదు. మోకాళ్లు పట్టేసినా బస్సులెక్కి మాతో ఊళ్లు తిరిగింది. మాకు ఇంతకంటే చేసినవాళ్లు లేరు.

ఆమెతో గడిపిన చివరి గురువారం ఎక్కడికీ పోలేదు. వాళ్ల వాకిట్లోనే చింతకాయ కొట్టాం. పాప ఆమె తొడ మీద తల పెట్టుకుని పడుకుంది.

"నేను కొండ కాడ నుంచి పిలస్తే ఎన్నోతూరికి పలకతావు?" అని అడిగింది అత్త.

"మూడోతూరి."

"యాడుండేదీ సెప్పొచ్చా?"

"సెప్పకూడదు."

"వస్తా ఉండానని అనొచ్చా?"

"అనకూడదవ్వా. ఉండా అని మాత్రమే."

"మర్సిపోగాకు" అంది అత్త. మర్చిపోవద్దని మామూలుగానే అంది, ఇంటికి పోయేటప్పుడు టోపీ మర్చిపోవద్దన్నట్టు. నేను వింటూ చింతపండు తుంచుతున్నాను.

సాగనంపే పని నాదే అయింది. కొడుకు స్థానంలో నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాను. వెనక పాడె, డప్పులు. పాపను తేవద్దని పెద్దలు అన్నారు. "ఆడబిడ్డను యాడికి తీసకొస్తా ఉండావప్పా, ఇంటికాడ ఇడిసి రా" అన్నాడు ఒక పెద్దాయన. నా భార్య ఆయన ముందు నిలబడి, "దింపుడు కళ్లం దాకా వస్తాది పెద్దాయనా. ఆడనుంచి మేమిద్దరం మళ్లుకుంటాం" అంది. ఆ గొంతు విని ఆయన పక్కకు తప్పుకున్నాడు.

దింపుడు కళ్లం అంటే తెలియనివారు ఉండరు. సగం దారిలో పాడెను నేల మీద దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలిచే చోటు. ఏమో, పలుకుతారేమోనని. ఆ పల్లెలో ఆ చోటు కొండకు ఎదురుగా, బీడులో ఉంది. డప్పులు ఆగాయి. కుండ పక్కన పెట్టి వంగాను. ఆమె చెవి చల్లగా ఉంది, వక్కాకు వాసన ఇంకా పోలేదు.

"అత్తా" అన్నాను.

అందరూ ముందుకు వంగి చూశారు. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో ఎవరికైనా ఆశ పుడుతుంది.

"అత్తా" అన్నాను మళ్లీ. అంతే. మూడోసారికి నా గొంతు పెగల్లేదు. నోరు తెరిచి, మూసి, తెరిచి. మూడో పిలుపు పిలవకుండా ఆమెను పంపించాల్సి వస్తుందేమోనని నాకు భయం వేసింది. ఆమె ఏ రోజూ రెండుతో ఆపలేదు.

అప్పుడు నా పక్కనుంచి కూత లేచింది. కింది గొంతులో మొదలై, మధ్యలో విరిగి, పైకి తేలిపోయింది. పల్లె మొత్తం నిలబడి ఉండగా, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ చూస్తుండగా, పాప మా ఇంటి కూత పెట్టింది. ఒక్కసారే పెట్టింది. అది మూడోది.

అత్త పలకలేదు. మొహం మీద ఈగ వాలితే ఎవరో తోలారు.

కొండ వైపు నుంచి కూత వచ్చింది. మా ఇంటి కూతే. పాప గొంతు తిరిగి వచ్చిందిలే అనుకున్నాం అందరం. డప్పు కొట్టే అతను కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి ఉన్నాడు. కాసేపటికి, ఎవరూ ఏమీ పిలవకుండానే, మళ్లీ వచ్చింది. ఈసారి కింది గొంతు ఇంకాస్త బరువుగా ఉంది.

"మేకలోళ్లు" అన్నాడు పెద్దాయన, కానీ కొండ వైపు చూడలేదు. "ఎత్తండప్పా. పొద్దు పోతా ఉండాది."

పాప నా పంచె లాగింది. "నాయనా, ఇంకొకటి రావాల."

దాని తల మీద చెయ్యి వేసి, కుండ ఎత్తుకున్నాను. నా భార్య పాపను పక్కకు తీసుకుంది. ఇద్దరూ ఆ బీడులోనే నిలబడిపోయారు, పాప మొహం కొండ వైపు ఉంది. పాడె లేచింది. నిప్పుకుండ పట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. కళ్లలో పొగ. జీవితమంతా కళ్లను నమ్ముకున్నవాణ్ని, ఆ దారిలో నాకు ఏమీ కనపడలేదు, చెవులు రెండూ వెనకే ఉన్నాయి. డప్పు మళ్లీ మొదలవలేదు. నడుస్తున్న కాళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మలుపు దగ్గరికి వచ్చాక, వెనక బీడులోంచి పాప గొంతు వినిపించింది. పెద్దగా, తేటగా, అందరికీ వినపడేలా.

"ఉండా!"

మూడో కూత నాకు వినపడలేదు.